చిల్లుల ఆకులు

పిల్ల నిద్రపోయిందంటే జెనలిన్ తన కళ్ళని తాను నమ్మదు. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలితేనే నమ్ముతుంది. అదీ ఒకసారితో సరిపెట్టుకోదు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో అనుమానమొచ్చి వెనక్కి తిరిగి, మళ్ళీ చెయ్యి పెట్టి చూసుకుని, అప్పుడు వంటింట్లోకి నడుస్తుంది.

ఆ తర్వాత దొరికే కాస్త సమయమే ఆమె సొంతం. కూతురు మికాయ్ నిద్ర లేచేలోగా, అత్తగారు పూరా బజారు నుంచి వచ్చేలోగా. రుబ్బిన బియ్యప్పిండి పొద్దున్నే గిన్నెలో పోసి మూత పెట్టి ఉంచుకుంటుంది. కిటికీలోంచి చెయ్యి చాపి అందిన ఆకు తెంపుతుంది. అందకపోతే పెరట్లోకి దిగుతుంది గానీ, పిల్ల ఏడుపు వినపడనంత దూరం పోదు. అంచేత ఆమెకి దొరికే ఆకులన్నీ ఏడుపు వినపడే మేరలో మొలిచినవే. జామ, మునగ, వావిలి, బచ్చలి, వెనక గోడ మీదికి పాకిన కాకర.

ఆకుని కడిగి, తుడిచి, వీపు పైకి ఉండేలా పళ్ళెంలో పరుస్తుంది. ఈనెలు తేలి ఉండేది వీపు మీదే కదా. దాని మీద పిండి పల్చగా పోసి, అంచుల దాకా వేలితో సర్ది, ఆవిరి గిన్నెలో పెడుతుంది. బియ్యం ఉడికిన కమ్మటి వాసన రాగానే తీసి, చల్లారనిచ్చి, తొడిమ దగ్గర గోటితో కొంచెం లేపి, ఊపిరి బిగబట్టి ఒలుస్తుంది. ఆకు ఊడిపోతుంది. ఆకు అచ్చు మిగులుతుంది, పూతరేకంత పల్చగా, ఒక్క ఈనె గీత కూడా పోకుండా. పీట కింద పెట్టి, పీట మీద రోలు ఎత్తి ఆరబెడితే అది బిరుసెక్కుతుంది. వెలుతురు కేసి పట్టుకుంటే గాజుముక్కలా ఉంటుంది. దాన్ని కిపింగ్ అంటారు.

మనీలాకి దూరంగా, కొండ కింద ఉన్న ఈ లుక్బాన్ ఊళ్ళో కిపింగ్ చెయ్యడం రాని ఇల్లు లేదు. అయితే దానికో కాలం ఉంది. మే నెలలో రైతుల పునీతుడు సాన్ ఇసిద్రో ఊరేగింపు వస్తుంది కాబట్టి, ఏప్రిల్‌లో పొయ్యిలు అంటిస్తారు. ఊరేగింపు దారిలో ఉన్న ఇళ్ళకి గోడ కనపడకుండా వరికంకులూ కూరగాయలూ కట్టి, వాటి నడుమ ఎర్రవీ పసుపువీ గులాబీరంగువీ కిపింగులు గుత్తులుగా వేలాడదీస్తారు. పండగ ఊసే లేని వానాకాలంలో, పొగమంచు పట్టిన డిసెంబరులో, రోజుకొక ఆకు పట్టుకుని పొయ్యి ముందు కూచునేది ఊరు మొత్తానికీ జెనలిన్ ఒక్కతే.

ఆమెది ఈ ఊరు కాదు. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే ఊరు. తండ్రి మంచాన పడితే హైస్కూలు సగంలో ఆపేసి, అప్పటినుంచీ తమ్ముళ్ళని సాకి, ఆ తర్వాత రొదెల్‌ని పెళ్ళి చేసుకుని ఈ కొండకిందికి వచ్చింది. రొదెల్ ఓడలో వంటవాడు. ఇంట్లో ఉన్న నెలలు తక్కువ, ఫోనులో ఉన్న నెలలు ఎక్కువ. ఈ ఊళ్ళో వాన పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా వదలదు. బనాహావ్ కొండ మబ్బులోంచి బయటపడిన రోజు పండగే.

ఈ ఆకుల పిచ్చి మొదలైంది కిందటి వానాకాలంలో. మికాయ్‌కి అప్పుడే పాకడం వచ్చింది. విషజ్వరం తగిలి, వారం పాటు ఒళ్ళు కాలిపోయింది. జ్వరమైతే తగ్గింది గానీ జెనలిన్‌కి భయం తగ్గలేదు. పిల్ల దగ్గితే భయం, దగ్గకుండా పడుకుంటే ఇంకా భయం. నిద్రపోతున్న పిల్ల పక్కన కూచుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండేది. పూరా ఒకరోజు రొట్టెలకని బియ్యం రుబ్బి, గిన్నె అడుగున కాస్త పిండి మిగిల్చింది. జెనలిన్ కిటికీలోంచి ఒక జామాకు తెంపి, ఊరికే, ఏం తోచక, ఆ పిండి దాని మీద పోసింది. ఆకుకి పురుగు కొట్టిన చిల్లొకటి ఉంది. ఒలిచి చూస్తే ఈనెలతోపాటు ఆ చిల్లు కూడా అచ్చుపడింది. పురుగు ఎక్కణ్ణుంచి కొరకడం మొదలుపెట్టిందో, ఎక్కడ కడుపు నిండి ఆగిపోయిందో, అంతా తెలుస్తోంది.

దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తూ నిలబడింది. చాలాసేపటికి గానీ పిల్ల ఊపిరి సంగతి మర్చిపోయానని గుర్తు రాలేదు. లోపలికి పరిగెత్తింది. మికాయ్ హాయిగా నిద్రపోతోంది.

ఆ కాసేపూ భయం లేకుండా బతికానని మర్నాడు తట్టింది. మర్నాడు ఇంకో ఆకు కోసింది.

"చిల్లులాకు మీద పోస్తారటే ఎవరైనా?" అంది పూరా ఆ మొదటిదాన్ని చూసి. "ఇంత పెరడు పెట్టుకుని నీకు నిండు ఆకే దొరకలేదా అమ్మాయ్?"

"చిల్లు బావుంది కదా నానాయ్?" అంది జెనలిన్. ఈ ఊళ్ళో అత్తగారిని కూడా నానాయ్ అనే పిలుస్తారు, అమ్మ అన్నట్టే.

"బావుంటుంది, బావుంటుంది. చిరుగుల చొక్కా కూడా దూరం నుంచి బావుంటుంది," అని పూరా చేపలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

రొదెల్ ఫోను చేసినప్పుడు జెనలిన్ సిగ్గుపడుతూనే ఒకటి తెచ్చి తెర ముందు పెట్టింది. అవతల ఓడ వంటగది చప్పుడు, ఎవరో అరుస్తున్నారు.

"ఏంటది జెన్, రొయ్యల అప్పడమా?"

"కిపింగ్. నేను చేశా. వావిలాకు మీద."

"ఓ. పండగ ఇప్పుడు కాదుగా?" రొదెల్ నవ్వాడు. "సర్లే, పిల్లని చూపించు, పిల్లని."

పిల్లని చూపించింది. అప్పడం కాని ఆ అప్పడాన్ని మళ్ళీ పీట కింద పెట్టేసింది.

ఆమెకి పెద్ద ఆశలేవీ లేవు. బహుమతి వద్దు, పేపర్లో ఫొటో వద్దు. ఎవరో ఒక్కరు, ఈ ఊళ్ళో ఒకే ఒక్కరు, ఒక ఆకుని చేతిలోకి తీసుకుని "ఇది జెనలిన్ చేసింది" అంటే చాలు. చిన్న కోరికే. కానీ అడిగి చెప్పించుకుంటే విలువుండదు, అడక్కుండా ఎవరూ అనరు. చలికాలం గడిచేసరికి ఆ చిన్న కోరికే గొంతులో ముల్లులా అక్కడే ఉండిపోయింది.

అందరిలోకీ లొంగనిది కాకరాకు. వేళ్ళు విప్పిన చెయ్యిలా చీలి ఉంటుంది, పైగా సన్నటి నూగు. పిండి ఆ చీలికల్లోకి దిగి పట్టేసేది. ఒలిచేటప్పుడు ఒక వేలో, రెండు వేళ్ళో తెగి ఆకుతోపాటే పోయేవి. తెగినవన్నీ కోళ్ళకి వేసేది. కోళ్ళు మాత్రం ఆమె పనిని మెచ్చుకుని తినేవి. పిండి పల్చన చేసి చూసింది, చిక్కన చేసి చూసింది. వేడి మీదే ఒలిచింది, చల్లారాక ఒలిచింది. చివరికి ఫిబ్రవరిలో ఒక మబ్బు మధ్యాహ్నం, ఆకుకి ముందుగా కాసింత కొబ్బరినూనె రాసి, వేళ్ళ కొసల నుంచి కాకుండా నడుమ నుంచి ఒలుస్తూ వచ్చేసరికి, మొత్తం ఊడి వచ్చింది. అన్ని వేళ్ళూ ఉన్నాయి. కొసన పురుగు కొట్టిన చిన్న చిల్లుతో సహా.

జెనలిన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కదల్లేదు. లోపల పిల్ల లేచి ఏడుస్తోంది. వినపడుతోంది కూడా. అయినా ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆగి ఇంకోసారి చూసుకుంది. ఆ తర్వాత పరిగెత్తింది. పిల్లని ఎత్తుకుని, "అమ్మ దొంగముఖంది, అమ్మ చెడ్డది," అంటూ వీపు నిమిరింది. తప్పు చేసినట్టూ ఉంది, గెలిచినట్టూ ఉంది. చెప్పుకోడానికి మటుకు ఎవరూ లేరు.

ఆరినవన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో దాచుకునేది. తేమ పట్టకుండా అడుగున బొగ్గుముక్కలు, వరసకీ వరసకీ మధ్య కాగితం. పూరా చిన్ననాటి స్నేహితురాలు సెల్యా పై వీధిలో ఉంటుంది. రొదెల్‌కి జ్ఞానస్నానపు తల్లిగా నిలబడింది కాబట్టి పూరా, ఆవిడా ఒకరినొకరు "మారే" అని పిలుచుకుంటారు. జెనలిన్‌కి మాత్రం ఆవిడ అలింగ్ సెల్యా, అంటే సెల్యా పిన్నిగారన్నట్టు. సెల్యా వచ్చినప్పుడల్లా ఆ డబ్బాని చూసి నవ్వేది.

"ఏమ్మా జెనలిన్, సాన్ ఇసిద్రో నీ ఒక్కదానికీ విడిగా క్యాలెండరు అచ్చేయించాడా?"

"ఊరికే అండీ అలింగ్ సెల్యా. పొద్దుపోక."

"పొద్దుపోకపోతే నిద్రపో తల్లీ. ఆ కళ్ళు చూడు, గుంటల్లో పడ్డాయి."

ఊరేగింపు ప్రతి ఏడూ ఒకే దారిన పోదు. ఒక ఏడు ఈ వీధులు, మరో ఏడు ఆ వీధులు. దారి ఏదో తెలిసేదాకా ఊరంతా ఒకటే గుసగుసలు. తను కాపురానికి వచ్చాక వీళ్ళ వీధికి ఊరేగింపు రాలేదు. కాబట్టి ఈసారి రాక తప్పదని జెనలిన్ తనలో తనే తీర్మానం చేసేసుకుంది. ఏ కిటికీకి ఏది కట్టాలో, కాకరాకు ఎంత ఎత్తులో ఉండాలో, పిల్లకి పాలిస్తూ మనసులోనే ఇల్లంతా అలంకరించుకుంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పూరా గుడి నుంచి వచ్చి, గొడుగు మూలన పెడుతూ చెప్పింది.

"మనకి లేదు. పై వీధికి పోయింది. సెల్యా వాళ్ళ ఇంటి ముందు నుంచే. దాని కాళ్ళు నేల మీద లేవు."

జెనలిన్ పిల్ల నోట్లో పెడుతున్న గంజి చెంచా గాల్లోనే ఆగిపోయింది. "మరి మనకెప్పుడు?"

"ఎప్పుడో. ఇంకో రెండు మూడేళ్ళకి."

రెండు మూడేళ్ళు డబ్బాలో ఉంటే బూజు పడుతుంది, లేకపోతే పురుగు పడుతుంది. ఆకుల్ని తిన్న పురుగుకే ఆకుల అచ్చులు కూడానా?

"పోనీ నానాయ్, మన ఇంటికి మనమే కట్టుకుంటే?"

పూరా చెప్పులు విప్పుతూ తలెత్తి చూసింది. "దారి కాని ఇంటికి అలంకారమా? పెళ్ళి పక్కింట్లో అయితే పూలకిరీటం నువ్వు పెట్టుకుంటావా? నవ్విపోతారు అమ్మాయ్."

నాలుగు రోజులు తిరక్కుండానే సెల్యా వచ్చింది. దారిలో లేని ఇళ్ళవాళ్ళు దారిలో ఉన్న ఇళ్ళకి చెయ్యి సాయం చెయ్యడం ఇక్కడి మర్యాద. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. కాదంటే తరతరాలు గుర్తుపెట్టుకుంటారు.

"మారే, నీ చేతులు నాకు కావాలి," అంది సెల్యా బల్ల మీద కూలబడుతూ. "ఈసారి అరంగ్యా గుమ్మం అంత పెద్దది కట్టిస్తున్నా. వెదురు చట్రం వచ్చేసింది. ఎన్ని కిపింగులు చేసినా దాని కడుపు నిండట్లేదు." అరంగ్యా అంటే కిపింగులతో కట్టే దీపాలగుత్తి లాంటిది, ఇంటి ముందు వేలాడదీస్తారు.

"చేతులేం ఖర్మ, డబ్బా నిండా సరుకే ఉంది మా ఇంట్లో," అంది పూరా. "అమ్మాయ్, ఆ డబ్బా ఇలా తే."

జెనలిన్ డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. ఇవ్వకపోతే ఇంట్లో బూజు పడతాయి. ఇస్తే అంత జనం చూస్తారు. మనీలా నుంచి బస్సుల నిండా దిగుతారట. అంతమందిలో ఒక్కరైనా ఆగి చూడరా? చూసి, "ఇది ఎవరి చేతిపని?" అని అడగరా? సెల్యా నా పేరు చెప్పదా?

డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇవి మటుకు నేనే కడతానండీ అలింగ్ సెల్యా."

"అంతకంటేనా! నా నడుం బతికిపోయింది," అంది సెల్యా.

పండగకి ముందురోజు పై వీధంతా తేనెతుట్టెలా ఉంది. నిచ్చెనలు, తాళ్ళు, అరుపులు. మికాయ్‌ని తుండుగుడ్డతో చంకకి కట్టుకుని, డబ్బా పట్టుకుని జెనలిన్ వెళ్ళింది. సెల్యా ఇంటి ముందు అరంగ్యా సగం తయారై ఉంది. కాఫీ ఆకులంత పెద్ద కిపింగులు, కళ్ళు చెదిరే రంగులు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన గులాబీ. ఒక్కదానికీ చిల్లు లేదు.

జెనలిన్ డబ్బా మూత తీసింది. ఆమెవి రంగు వెయ్యనివి. కొన్నిటికి మటుకు ఆకు తాలూకు పచ్చదనం కొంచెం అంటింది. వాటి పక్కన పెడితే ఇవి జ్వరం తగ్గిన పిల్లల్లా ఉన్నాయి.

సెల్యా ఒకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అందుకే మాట కూడబలుక్కుంది.

"పల్చగా బాగా వచ్చిందమ్మా. కానీ దూరం నుంచి కనపడవు. పైన వేస్తే చిరిగినవి కట్టామనుకుంటారు. లోపలి వరసలో వేద్దాం, ఏం? ఒత్తుగా కనపడుతుంది. బలం లోపలే ఉండాలి కదా, ఇల్లాలికైనా అరంగ్యాకైనా!" అని తన మాటకి తనే నవ్వింది. నిచ్చెన మీదున్న ఆడవాళ్ళూ నవ్వారు. జెనలిన్ కూడా నవ్వింది. ఏం చేస్తుంది మరి?

దిండులో దూది కూరినట్టు కూరడానికా ఇన్నాళ్ళూ చేసింది? డబ్బా మూత పెట్టేసి, "వద్దులెండి" అని వెనక్కి తిరిగితే? రేపటినుంచి పూరా ముఖం ఎత్తుకుని ఈ వీధిలోకి ఎలా వస్తుంది? జెనలిన్ నిచ్చెన ఎక్కకుండానే, చట్రం కిందికి వంగి దూరి, లోపలి వరసకి ఒక్కొక్కటే దారంతో కట్టింది. జామ, మునగ, వావిలి, బచ్చలి. మికాయ్ చంకలోంచి చెయ్యి చాపి దారం లాగుతూ ఉంది.

కాకరాకు మిగిలింది. దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టబోయి ఆగింది. ఇంట్లో దాచుకుంటే చూసేది నేనొక్కదాన్నే. ఇక్కడైతే, ఎవరికి తెలుసు? లోపలి వరసలోనే, అన్నిటికన్నా కింద, వీధి వెలుతురు పడేచోట కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది.

మర్నాడు పండగ. పూరా తెల్లవారకముందే సెల్యా ఇంటికి వంటసాయానికి పోయింది. ఎండ కాసింది, బనాహావ్ కొండ నీలంగా బయటపడింది. జనం ఇసకేస్తే రాలడం లేదు. జెనలిన్ పిల్లని ఎత్తుకుని అరంగ్యా కిందికి చేరి, గోడకి ఆనుకుని నిలబడింది. అక్కణ్ణుంచి తలెత్తితేనే లోపలి వరస కనపడుతుంది.

నిజం చెప్పొద్దూ, కింద నుంచి చూస్తే బావున్నాయి. పై రంగులన్నిటినీ దాటుకుని వచ్చిన ఎండ వాటిలో పడి, ప్రతి ఈనె వెలుగుతోంది. చిల్లుల్లోంచి చిన్న చిన్న వెలుగు చుక్కలు మికాయ్ ముఖం మీద ఆడుతున్నాయి. పిల్ల తలెత్తి, వేలు చూపించి, "ఆకూ" అంది.

"అవునురా. ఆకే. కాకరాకు."

"ఆకూ," అంది పిల్ల మళ్ళీ, ఎవరితోనో వాదిస్తున్నట్టు.

వేరే ఎవరూ తలెత్తలేదు. అందరూ అరంగ్యాకి వీపు పెట్టి నిలబడి ఫోనులో తమ ముఖాలు చూసుకున్నారు. "ఆ గులాబీది పడేలా తియ్యి," "కొంచెం జరగండీ, మీ పాప చెయ్యి అడ్డొస్తోంది," అన్నారు. జెనలిన్ జరిగింది. కొత్త ముఖం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు ఆ ముఖం మీదే ఉన్నాయి. పైకి చూస్తారేమో, ఇప్పుడు చూస్తారేమో. సెల్యా గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి, "అంతా మా వీధివాళ్ళ చేతిపనేనండీ," అని చెబుతోంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

బాజాలు వినపడ్డాయి. పూలదండలేసిన గేదెలు వచ్చాయి, మనిషికి రెండింతల ఎత్తు కాగితపు బొమ్మలు ఊగుతూ వచ్చాయి, వాటి వెనక భుజాల మీద సాన్ ఇసిద్రో విగ్రహం వచ్చింది. ఆయన కూడా నేరుగా ముందుకే చూస్తూ వెళ్ళిపోయాడు.

స్వామి దాటిపోతే ఇక ఆ అలంకారం జనానిది. ఎవరికి అందింది వాళ్ళు తెంపుకుపోవచ్చు. ఒక్కసారిగా చేతులు లేచాయి. గుమ్మడికాయలు దిగాయి, కంకులు దిగాయి, అరంగ్యా గజగజ ఊగింది. జెనలిన్ పిల్ల తలని గుండెకి అదుముకుని గోడకి అతుక్కుపోయింది. ఊరికి కొత్తలా ఉన్న ఒక కుర్రాడు ఎగిరి లోపలి వరసని గుప్పిట నిండా లాగాడు. అతని చేతిలో కాకరాకు ఉంది. దాని ఒక వేలు పటుక్కున కొరికాడు.

"అబ్బే! ప్లాస్టిక్కు తిన్నట్టుంది," అని ఉమ్మేశాడు.

"వేయించుకుని తినాలటరా మొద్దూ," అంది అతని పక్కనున్న అమ్మాయి పగలబడి నవ్వుతూ.

"ముందే చెప్పొచ్చుగా!" అంటూ మిగతాది అక్కడే అరుగు మీద పడేసి, గుమ్మడికాయ కోసం పరిగెత్తాడు.

అది నాది అని అనడానికి జెనలిన్ నోరు తెరిచింది. అంటే మటుకు ఏమవుతుంది? "అయ్యో, సారీ అండీ," అంటాడు. అంతేగా. వంగి తీసుకుందామంటే చేతుల్లో పిల్ల, చుట్టూ తొక్కిడి. ఈలోగా మెడ మీద చినుకు పడింది. పిల్లకి మళ్ళీ జ్వరం వస్తుందేమోనన్న పాత భయం అన్నిటినీ పక్కకి తోసేసింది. తుండుగుడ్డ పిల్ల నెత్తిన కప్పి, మోచేతులతో దారి చేసుకుంటూ బయటపడింది.

వాళ్ళ వీధిలో పిట్ట మనిషి లేడు. అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. ఒక కుక్క అరుగు కింద ముడుచుకుని పడుకుంది. దూరం నుంచి బాజా, దగ్గర్లో చూరు నీళ్ళ చప్పుడు. ఇల్లు చేరి పిల్ల ఒళ్ళు తుడిచి, పడుకోబెట్టి, ఊపిరి చూసి, మళ్ళీ వచ్చి చూసి, వంటింట్లోకి వెళ్ళింది. రుబ్బిన పిండి లేదు. బల్ల మీద ఖాళీ డబ్బా ఉంది, అడుగున బొగ్గుముక్కలు.

రేపటినుంచి మానేస్తే?

మానేస్తే ఎవరూ ఏమీ అనరు. ఎందుకు మానేశావని అడిగే దిక్కు లేదు. కోళ్ళు తప్ప ఎవరికీ లోటు తెలియదు. అలా అనుకున్నాక తేలికవుతుందనుకుంది. తేలిక కాలేదు. కిటికీ అవతల కాకరపాదు వానకి తలలూపుతోంది. ఆ వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది.

చీకటి పడేవేళకి పూరా తడిసి ముద్దై వచ్చింది. ఒక చేతిలో అరిటాకులో చుట్టిన నూడుల్సు పొట్లం, రెండో చేత్తో లోపలివి తడవకుండా మడిచి పట్టుకున్న వంట ఏప్రను సంచిలా ఉబ్బి ఉంది.

"నూనె పెట్టమ్మాయ్. ఆ జనం రాక్షసులు, సగం తొక్కి పారేశారు. దొరికినవి ఏరుకొచ్చా," అంటూ ఏప్రను బల్ల మీద దులిపింది. కిపింగ్ ముక్కలు. కొన్ని ఎర్రవి, కొన్ని పసుపువి, ఎక్కువగా రంగు లేనివి.

నూనె కాగింది. పూరా ఒక్కొక్క ముక్కా వేస్తుంటే అవి ముడుచుకుని, మెలి తిరిగి, అంతలోనే పొంగి తెల్లగా విచ్చుకున్నాయి. జెనలిన్ పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది. పూరా చేతిలోకి కాకరాకు వచ్చింది. ఒక వేలు లేదు. మిగతా వేళ్ళున్నాయి, కొసన చిల్లు కూడా ఉంది. వద్దు నానాయ్, అది వద్దు అనబోయింది జెనలిన్. అప్పటికే అది నూనెలో పడింది. పడి, చెయ్యి చాచినట్టు అన్ని వేళ్ళూ విప్పుకుంది.

పూరా దాన్ని తీసి, నూనె వార్చి, సగానికి విరిచి, కొంచెం వెనిగర్‌లో ముంచి నోట్లో వేసుకుంది. కరకర నమిలింది. నుదురు చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది."

"ఎవరివో ఏమో లెండి నానాయ్," అంది జెనలిన్ పొయ్యి వైపు చూస్తూ.

"ఎవరివేంటి? నీవి కాదూ?" పూరా వేలితో పళ్ళెంలో ముక్కలు కెలికింది. "ఇదీ నీదే, ఇదీ నీదే. చిల్లులాకుల మీద పోసేది ఈ ఊరు మొత్తానికీ నువ్వొక్కదానివేగా. చీకట్లో తడిమినా చెప్తా. చూడ్డానికి బాగానే ఉంటాయి. తినేటప్పటికి చప్పిడి. పిండిలో ఉప్పెయ్యాలని మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా?"

"మా ఊళ్ళో ఇవి చెయ్యరు నానాయ్."

"అదే మరి." రెండో సగం కోడలి చేతిలో పెట్టి, పూరా తడిబట్టలు మార్చుకోడానికి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గురక వినపడింది. రోజంతా నిలబడి వండిన మనిషి.

జెనలిన్ ఆ సగాన్ని తిన్నది. ఇన్నాళ్ళు చేసింది గానీ, ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది. నిజమే. ఉప్పు తక్కువే.

ఫోను మోగలేదు. ఓడ ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో. పై వీధిలో బాజా ఆగిపోయింది. పిల్ల దగ్గరికి వెళ్ళి అరచెయ్యి పెట్టి చూసుకుని వచ్చి, గుప్పెడు బియ్యం కడిగి నానబోసింది.

మర్నాడు పూరా బజారుకి వెళ్ళాక, మికాయ్ నిద్రపోయాక, పిండి రుబ్బి చిటికెడు ఉప్పు వేసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూసింది. సరిపోయిందా అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. చాలదనిపించింది. ఇంకొంచెం వేసి కలిపి, ఆకు కోసం కిటికీలోంచి చెయ్యి చాపింది.